షిష్కా గుర్రుమనడం మానేసింది

జనవరి 6, సోమవారం

కింది అంతస్తు జూరెక్ మళ్ళీ వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, అతిథుల కోసం ఉంచిన ఇంటిచెప్పులు తొడుక్కుని, నేను పోసిన టీ తాగుతూ మరీ తిట్టాడు. మర్యాదస్తుడు.

"బొహుస్లావ్ గారూ, నాకు కుక్కలంటే గిట్టక కాదు. మీరిద్దరూ గడప దాటారంటే చాలు, అది రాగం ఎత్తుకుంటోంది. మా ఆవిడకి తలనొప్పి. ఈసారి బిల్డింగ్ మీటింగులో పెట్టేస్తా. తర్వాత నన్నేమీ అనుకోకూడదు."

అతను వెళ్ళేదాకా మిలాడా నవ్వుతూనే ఉంది. తలుపు మూయగానే అరిచింది. మా ఆవిడ అరిస్తే ఆషామాషీగా ఉండదు. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు కదా, అక్కడ పొద్దంతా మెల్లగా మాట్లాడి, మిగిలిన గొంతంతా ఇంటికి తెస్తుంది. ఆ అరుపు మీద జూరెక్ ఎందుకు ఫిర్యాదు చేయడో నాకు తెలియదు.

"చెప్తున్నా విను బోహుష్. నాకు కొత్త సంవత్సరం నుంచి రోజంతా డ్యూటీ. నువ్వు రెండింటికి గానీ రావు. పొద్దున్నుంచి అది ఒక్కత్తే ఏడవదా మరి? లీషెన్‌లో కుక్కల బడి ఉందట. పొద్దున దింపితే సాయంత్రం దాకా వాళ్ళే చూసుకుంటారు. ముందు పరీక్ష పెట్టి స్వభావం ఎలాంటిదో చూస్తారట. చేర్చుకుంటే సరే. చేర్చుకోకపోతే దాన్ని తీసుకుని బొస్కోవిత్సేలో మా చెల్లెలు రూజెనా ఇంటికి పోతా. అక్కడ తోట ఉంది, మనుషులున్నారు. నేను రైల్లో వచ్చిపోతా. నువ్వు ఆదివారాలు రా."

ఆదివారాలు రావాలట. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఆదివారం మొగుణ్ణి అయిపోవాలి. ఒక కుక్క కోసం. అదీ ఓల్దా కుక్క, షిష్కా. చచ్చిపోయిన మొదటి మొగుడు వదిలిపోయిన ఆస్తి అదీ, ఒక నీలం కప్పూ, ఒక బూడిదరంగు స్వెట్టరూ. ఆ స్వెట్టర్ మీదే పడుకుంటుంది. నేను దగ్గరికి వెళితే గుర్రుమంటుంది. నా ఇంట్లో, నా సోఫా మీద పడుకుని, నన్ను చూసి.

జనవరి 8

ఈరోజు కూడా గుర్రుమంది.

జనవరి 9

మిలాడా వాళ్ళ క్లినిక్‌లో ఒకమ్మాయి తన కుక్కని ఆ బడికే పంపుతోంది. పరీక్ష ఎలా ఉంటుందో మిలాడా ఆమెని అడిగి వచ్చింది. చెవులూ పాదాలూ ముట్టుకుంటారట. తింటుంటే గిన్నె దగ్గరికి వస్తారట. చివర్లో వాళ్ళ ముసలి కుక్కని లోపలికి వదిలి, రెండూ ఎలా ఉంటాయో చూస్తారట.

"గిన్నె దగ్గర గుర్రుమంటే?" అన్నాను.

"ఇంకేముంది, అయిపోయినట్టే. గుర్రుమనే కుక్కని మిగతా వాటిలో ఎవరు కలుపుతారు?" మొహం వాడిపోయింది. "ఎంత బతిమాలినా మానదు కదా బోహుష్ ఇది."

బతిమాలితే ఎవరు మానతారు? ముప్పై ఏళ్ళుగా వృత్తిబడిలో లేతు యంత్రం నేర్పుతున్నాను. సెప్టెంబరులో చెవి వెనక సిగరెట్టు పెట్టుకుని వచ్చే మొనగాళ్ళు క్రిస్మస్‌కల్లా లేచి నిలబడి నమస్కారం పెడతారు. ఇది పదిహేను కిలోల ప్రాణి.

మిలాడాకి చెప్పను. చెబితే మధ్యలో దూరి ముద్దు చేస్తుంది.

జనవరి 13, సోమవారం

మొదటి పాఠం. కుక్క మెడకి వేసిన పట్టీని వంటింటి గోడ మీద ఎత్తున ఉన్న రేడియేటర్ పైపు మీదుగా వేసి కొస నా చేతిలో పెట్టుకున్నాను. గిన్నె పెట్టి దగ్గరికి వెళ్ళాను. గుర్రుమంది. లాగాను. ముందుకాళ్ళు నేల వదిలాయి. కాసేపు తన్నుకుంది. దించాను. మళ్ళీ గిన్నె పెట్టాను.

నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తింది పట్టీనే. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 14

రెండో పాఠం. ఎక్కువసేపు పట్టింది. మొండిది.

జనవరి 17

ఇవాళ గిన్నె పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నా కిక్కురుమనలేదు. కళ్ళు మాత్రం తెల్లగా పక్కకి తిప్పి, గబగబా మింగింది. కొంచెం కక్కింది. నేనే తుడిచాను, మిలాడా వచ్చేలోపు.

సాయంత్రం నేను సోఫాలో కూర్చోగానే షిష్కా దిగి గోడ వారకి పోయి, మూతి నాక్కుంటూ తల వంచింది. మిలాడా మురిసిపోయింది.

"చూశావా, నీకు చోటిస్తోంది! ముందు నిన్ను చూస్తే తినేసేట్టు చూసేది. నువ్వు దీనికి మందేమైనా పెట్టావా ఏంటి?"

"ఓపిక పట్టాను" అన్నాను. అబద్ధమేమీ కాదు.

నా భుజం మీద తల పెట్టి సీరియల్ చూసింది. చాలా రోజులైంది అలా కూర్చుని.

జనవరి 22

పూర్తిగా మానేసింది. చెవి మెలిపెట్టినా, ఎముక లాక్కున్నా, తోక తొక్కినా ఒక్క చప్పుడు లేదు. పట్టీ మెడకి కూడా వేయక్కర్లేదు, పైపు మీద వేస్తే చాలు, రాయిలా నిలబడిపోతుంది. ఏ కుర్రాడూ ఇంత త్వరగా నేర్చుకోలేదు.

ఓల్దా స్వెట్టర్ ఉతికాను. కంపు కొడుతోంది మరి. వేడినీళ్ళలో వేశానేమో, పిల్లల చొక్కా అంత అయింది. మిలాడా చూసి విరుచుకుపడింది. "దాని ముక్కుకి మిగిలింది ఆ వాసనొక్కటే! చేతులు ఖాళీగా ఉండలేవా నువ్వు? నీ బుద్ధి లేని బుర్రని కూడా ఆ మెషీన్లోనే వెయ్యాల్సింది!" అంటూ అరగంట వదల్లేదు. సబ్బుపెట్టె నా మీదికి విసిరింది. తర్వాత తనే నవ్వి, తనే ఏడ్చి, తనే బంగాళాదుంపల పులుసు పోసింది. ఆవిడ కోపం అలా వచ్చి అలా పోతుంది. అదే నాకు ఆవిడలో నచ్చింది, నిజం చెప్పాలంటే.

జనవరి 30, గురువారం

పరీక్ష. ఇంకా కోపం దిగలేదు.

ఆ బడి పాత ఇటుకల షెడ్డు. నడిపేది హెద్వికా అనే ఆవిడ. అరవై ఉంటాయి, మగవాళ్ళ బూట్లు, జేబుల నిండా ఎండు మాంసం ముక్కలు. మాతో చెయ్యి కలపకముందే కుక్కకి వీపు తిప్పి నిలబడింది, దానంతట అది వచ్చి వాసన చూడాలని. షిష్కా రాలేదు. నా వైపు చూసింది.

మమ్మల్ని చెక్క కంచె అవతల బెంచీ మీద కూర్చోబెట్టింది. చెవులు ముట్టుకుంది, నోరు తెరిచి చూసింది, పాదాలు పట్టుకుంది. మా షిష్కా బొమ్మలా నిలబడింది. మిలాడా నా చెయ్యి నలిపేస్తోంది ఆనందంతో. హెద్వికా గిన్నె పెట్టింది. దగ్గరికొచ్చింది. షిష్కా ఒళ్ళు బిగబట్టి తింటూనే ఉంది. ఇంకా దగ్గరికొచ్చింది. చప్పుడు లేదు. హెద్వికా చెయ్యి చాపబోయి, మధ్యలో ఆపేసింది. మెల్లగా వెనక్కి నడిచింది. ఇదేంటి, ముట్టుకుంటే కదా పాసయ్యేది అనుకున్నాను.

తర్వాత ముసలి కుక్కని వదిలింది. నల్లది, కుంటుతుంది, అందరూ టీచరమ్మ అంటారట. టీచరమ్మ వచ్చి షిష్కాని దూరం నుంచే చూసింది. మొహం పక్కకి తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్ళి తన మూలలో కూర్చుంది.

"దీనికి వయసైపోయింది, నిద్రొస్తోంది పాపం" అన్నాను నేను.

హెద్వికా నా మాట పట్టించుకోలేదు. మిలాడాని అడిగింది.

"అమ్మాయ్, ఇది ఎప్పట్నుంచి గుర్రుమనట్లేదు?"

"ఈ నెల్లోనేనండీ! ఇదివరకు గిన్నె దగ్గర కాస్త సణిగేది. తనంతట తనే మానేసింది." బడిలో పిల్ల మార్కులు చెబుతున్న తల్లిలా చెప్పింది.

"తనంతట తను మానదమ్మా. ఎవరో మానిపించారు."

అప్పుడు నా వైపు చూసింది. నేనూ చూశాను. ఇన్‌స్పెక్టర్లని చాలామందిని చూసినవాణ్ణి.

"ముసలితనం వస్తోంది దీనికి. మెత్తబడింది" అన్నాను.

"మెత్తబడిన కుక్క ఒళ్ళు ఇలా ఉండదు, సార్. గుర్రుమనే కుక్కని తీసుకురండి, రేపే చేర్చుకుంటా. అది 'దగ్గరికి రాకు' అని చెప్తోంది, నేను ఆగుతాను, పిల్ల కుక్కలు ఆగుతాయి, అందరం బాగుంటాం. ఇది చెప్పడం మర్చిపోయింది. చెప్పకుండా కరుస్తుంది. దీన్ని నా పిల్లల్లో వదల్లేను."

"షిష్కానా? జన్మలో కరవలేదండీ!" మిలాడా అరిచినంత పని చేసింది.

"ఇన్నాళ్ళూ చెప్పేది కదమ్మా, అందుకే కరవాల్సిన పని పడలేదు. ఇంటికి తీసుకెళ్ళండి. గిన్నె పెట్టి దూరంగా పోండి. ఎవ్వరూ దాని జోలికి వెళ్ళొద్దు. మళ్ళీ గుర్రుమన్న రోజు నాకు ఫోన్ చెయ్యండి, నేనే కేకు చేసి పెడతా."

ట్రామ్‌లో మిలాడా షిష్కా మెడ నిమురుతూ కూర్చుంది. దిగేముందు అంది, "ఫిబ్రవరి అంతా చూస్తా. అప్పటికీ కాకపోతే బొస్కోవిత్సేనే."

గుర్రుమంటే పాసట. గుర్రుమనకపోతే ఫెయిలట. ఇలాంటి పరీక్ష నా సర్వీసులో చూడలేదు.

ఫిబ్రవరి 3

సరే. గుర్రుమనడమే కదా కావలసింది. మానిపించినవాడికి మొదలుపెట్టించడం ఎంత పని.

గిన్నె లాక్కున్నాను. తిరిగిచ్చాను. లాక్కున్నాను. కర్రతో పొడిచాను, మెల్లగానే. అది నిలబడ్డ చోటే తడి చేసింది.

ఫిబ్రవరి 5

చెప్పుకుంటే సిగ్గుచేటు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు బయటపెట్టి, ఎలా అనాలో నేనే చేసి చూపించాను. బాగానే వచ్చింది. కుక్క బల్ల కిందికి దూరింది. తలుపు చప్పుడైంది. జూరెక్.

"కుక్కకి ఒంట్లో బాలేదా, బొహుస్లావ్ గారూ? గొంతు కాస్త బొంగురుపోయినట్టుంది."

"జలుబు చేసింది" అన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

క్యాలెండర్లో మిలాడాల రోజు. ఆమె పేరున్న వాళ్ళందరికీ పండగ. ట్యూలిప్పులు తెచ్చాను. చెల్లెలు రూజెనా బొస్కోవిత్సే నుంచి గసగసాల కేకుతో దిగింది. పిడికెడంత మనిషి, బారెడు నోరు.

"ఏం బావా, కుక్కకి మిలిటరీ డ్రిల్లు నేర్పావా? నువ్వు లేస్తే లేస్తోంది, కూర్చుంటే కూర్చుంటోంది. మా అక్కకి కూడా ఇలాగే నేర్పుతున్నావా?"

"మీ అక్కకి నేర్పే మగాడు ఇంకా పుట్టలేదు" అన్నాను. అందరూ నవ్వారు. మిలాడా అందరికంటే గట్టిగా నవ్వింది.

వెళ్ళేముందు రూజెనా కోటు వేసుకుంటూ అక్కతో మెల్లగా అంటుంటే విన్నాను. "పై గది ఊడ్పించి ఉంచా. పొయ్యి కూడా బాగుచేయించాం."

ఊడ్పించిందట. అప్పుడే.

ఫిబ్రవరి 11

కరిచింది.

దూడ ఎముక ఇచ్చి, కాసేపు కొరకనిచ్చి, తీసుకోబోయాను. హెచ్చరిక లేదు, పళ్ళు చూపించడం లేదు, వెంట్రుక కూడా నిక్కబొడుచుకోలేదు. బొమ్మలా ఉన్నది ఉన్నట్టే నా చేతిలోకి దిగింది. వదిలాక మళ్ళీ బొమ్మలా నిలబడి పట్టీ వేసే పైపు వైపు చూసింది, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆ ముసల్ది చెప్పింది చెప్పినట్టు జరిగిందని నాకు తెలుసు. అంత తెలివితక్కువవాణ్ణి కాదు.

గాయం మీద స్లివోవిత్సే సారా పోశాను. తాగాల్సిన సరుకు వృథా. నేలమాళిగలో ఉలి జారిందని మిలాడాకి చెప్పాను. "చిన్నపిల్లాడివా! డాక్టరుకి చూపించుకో" అని కసిరి, కట్టు తాను కడతానంది. నేనే కట్టుకున్నాను.

చెప్పవచ్చు. చెబితే బడి లేదు. బడి లేకపోతే బొస్కోవిత్సేలో పై గది ఊడ్చి ఉంది. ఇందులో ఆలోచించడానికేముంది?

ఫిబ్రవరి 12

సాయంత్రం మిలాడా బూట్లు విప్పుతుండగానే చెప్పేశాను.

"ఇవాళ గుర్రుమంది."

"ఏంటీ?"

"గిన్నె పెట్టి దూరంగా వెళ్తున్నా. తిరిగి చూస్తే నన్ను చూసి గుర్రుమంది. చిన్నగానే. కానీ అంది."

ఒక బూటుతోనే వచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాత నేల మీద పడుకుని షిష్కా మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. "మాట్లాడావా తల్లీ? మాట్లాడావటే దొంగముండా? నన్నెంత ఏడిపించావే!" మూతి మీద ముద్దులు. షిష్కా పక్కకి చూస్తోంది. నేను కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. చెప్పేద్దామనిపించింది, నిజంగానే అనిపించింది. కానీ మిలాడా నా వైపు తిరిగి నవ్వింది. నన్ను చూసి అలా నవ్వడం పెళ్ళి రోజు తర్వాత ఇదే మొదటిసారి.

హెద్వికాకి ఫోన్ చేసింది. సోమవారం తీసుకురమ్మందట. గిన్నె జోలికి మాత్రం వెళ్ళొద్దని మళ్ళీ చెప్పిందట. "నన్ను కాదులే అన్నది, కొత్తవాళ్ళని" అంది మిలాడా ఫోన్ పెట్టేసి.

ఒకసారి బడిలో పడితే అంతా సర్దుకుంటుంది. తోటి కుక్కల దగ్గర అదే నేర్చుకుంటుంది.

ఫిబ్రవరి 15, శనివారం

నేను రొట్టె కొనడానికి వెళ్ళాను. మిలాడా గిన్నె పెట్టి, పక్కన పడుకుని, చెవి దగ్గరగా పెట్టినట్టుంది. ఆ శబ్దం తనూ వినాలని. నేను మెట్లెక్కుతుంటే వినపడింది, "నాక్కూడా వినిపించవే, ఒక్కసారి" అంటోంది. నవ్వుతోంది.

తర్వాత వినపడింది రాయను.

ఫిబ్రవరి 16

మిలాడా చెంప, పై పెదవి. లోపలా బయటా కుట్లు. డాక్టరు కుర్రాడు కొన్నాళ్ళు మాట్లాడించవద్దన్నాడు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. మందు మత్తులో ఉంది. "షిష్కాని ఇక ఉంచుకోలేం మిలూష్కా. నీకు మళ్ళీ ఏమైనా అయితే? దాన్ని బాధ లేకుండా పంపించేస్తాను. సరేనా?" అన్నాను.

తల ఊపింది. కళ్ళు మూసుకునే ఉంది గానీ ఊపింది. పక్క మంచం ఆవిడ నీళ్ళు కావాలా అని అదే సమయంలో అడిగింది, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 17, సోమవారం

బడికి వెళ్ళాల్సిన రోజు. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

మూతికి బుట్ట కడితే కట్టించుకుంది. బల్ల ఎక్కమంటే ఎక్కింది. పట్టీ కాస్త పైకి ఎత్తగానే బిగుసుకు నిలబడింది. చివరిదాకా చెప్పిన మాట విన్నది. డాక్టరు బట్టతల మనిషి, సూది సిద్ధం చేస్తూ నా కట్టు చూశాడు.

"మిమ్మల్ని కూడా కరిచిందా?"

"కాదు. ఉలి జారింది."

ఊడిన కట్టు అంచులోంచి తొంగి చూశాడు. "మీ ఉలికి కోరలున్నట్టున్నాయే."

నేను కట్టు అంచు లోపలికి దోపుకున్నాను. అతను భుజాలెగరేసి, షిష్కా తల మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరాడు. "భయపడకే. భయపడకే బంగారం" అన్నాడు. దానికి భయమేమీ లేదు. దాని కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. పోయేదాకా అక్కడే ఉన్నాయి.

ఇంటికి వచ్చి వంటిల్లు కడిగాను. గిన్నె పారేశాను. ఏడుపొచ్చింది, ఎందుకో. అలసట అయి ఉంటుంది.

ఫిబ్రవరి 20

మిలాడా ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి ఇల్లంతా కళ్ళతో వెతికింది. సోఫా మీద ఆ చిన్నదైపోయిన స్వెట్టర్ చూసింది. నన్ను చూసింది.

"నువ్వే సరేనన్నావు కదా" అన్నాను.

గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. నోరు తెరవకుండా ఏడవడం అంత కష్టమని నాకు తెలియదు.

ఫిబ్రవరి 24, సోమవారం

హెద్వికా వచ్చింది. పిలవకుండానే. మిలాడా క్లినిక్ అమ్మాయి చెప్పిందట. జున్ను బూరెలు చేసుకొచ్చింది, తినలేని మనిషికి. సోఫాలో మిలాడా పక్కన కూర్చుని, తను కుక్కలకి చేసినట్టే ముందు కాసేపు వీపు తిప్పి ఊరికే కూర్చుంది. ఆ తర్వాత అడిగింది.

"సార్, ఆ బుధవారం అది గుర్రుమన్నదని మీరు చెవులారా విన్నారా?"

"విన్నాను."

"మీ చేతికేమైంది?"

"ఎంతమందికి చెప్పాలి? ఉలి."

మిలాడా లేచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని కట్టు విప్పడం మొదలెట్టింది. లాక్కోబోయాను, వదల్లేదు. ఏనాడూ ఇంత మెత్తగా పట్టుకోలేదు, ఇంత గట్టిగానూ పట్టుకోలేదు. ఏ పన్ను ఏ గుర్తు వదులుతుందో రోజూ చూసే మనిషి. వేలితో ఒక మచ్చ తాకింది. ఎదురుగా ఉన్న రెండోది తాకింది. ఎండిన పొక్కు అంచు గోటితో తడిమింది, ఎన్నాళ్ళదో లెక్క కట్టుకుంటున్నట్టు. తర్వాత అదే వేలితో తన చెంప మీది కుట్లు తాకింది.

"తెలిసీ చెప్పలేదు" అంది హెద్వికా, ఎవరితోనూ కాదన్నట్టు. "తెలిసీ పక్కన పడుకోనిచ్చాడు."

"మీరు బయటికి దయచేస్తారా?" అన్నాను.

ఆవిడ బూట్లు వేసుకుంటూ మిలాడాతో అంది, "నాతో వచ్చేయ్ అమ్మా. నా దగ్గర గది ఉంది." మిలాడా కదల్లేదు. కట్టు గుడ్డని చుట్టలా చుట్టి, బల్ల మీద నా ముందు పెట్టింది.

వెళ్ళలేదు. చూశావా, వెళ్ళలేదు.

మార్చి 3

కుట్లు విప్పారు. మచ్చ ఉంటుంది. ఇక మాట్లాడవచ్చట, నొప్పి కూడా ఉండదట. ఇంటికి వచ్చేదాకా ఎదురుచూశాను. తిడుతుందని సిద్ధపడి, ఏమేం చెప్పాలో మనసులో పేర్చి పెట్టుకున్నాను. ఏమీ అనలేదు. పులుసు పోసింది.

మార్చి 5

ఏమీ అనలేదు.

మార్చి 9, ఆదివారం

రూజెనా కారేసుకుని వచ్చింది. ఈసారి వేళాకోళాలు లేవు, బూట్లు కూడా విప్పలేదు. "అక్కా, సంచి సర్దుకో. ఈ మనిషి దగ్గర ఒక్క పూట కూడా వద్దు" అని ఏడుస్తూ చెయ్యి పట్టి లాగింది. మిలాడా తల అడ్డంగా ఊపింది. చెల్లెల్ని గుమ్మం దాకా సాగనంపి, తలుపు మూసి, తాళం తిప్పి వచ్చింది.

గెలిచానని రాయాలనిపించింది. రాస్తున్నాను.

జూరెక్ మెట్ల మీద కలిసి, "ఇప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! మా ఆవిడ హాయిగా పడుకుంటోంది" అని టోపీ ఎత్తాడు.

మార్చి 12

పొద్దున బల్ల దగ్గర మిలాడా నా ఎదురుగా కూర్చుంది. ఓల్దా నీలం కప్పులో కాఫీ తాగుతోంది. కప్పు నేను తీసుకున్నాను, కడిగి పెడతానని. చెయ్యి జారింది. జారనిచ్చాను. ఆ గొంతు వినాలని ఉంది నాకు. సబ్బుపెట్టె విసరాలి, బుద్ధి లేని బుర్ర అనాలి, మూడంతస్తులూ వినాలి, తర్వాత నవ్వాలి, ఏడవాలి, అన్నీ అయిపోవాలి.

పెంకుల వైపు చూడను కూడా చూడలేదు. ఒళ్ళు బిగబట్టి నా చేతిని చూసింది.

"తిట్టు మిలూష్కా" అన్నాను. "ఒక్క మాట. నేనేమైనా అంటానా నిన్ను? తిట్టవే."

చీపురు తెచ్చి ఊడ్చేసింది.

పగలంతా తను చేసే పని తను చేసుకుంది. బొస్కోవిత్సే మాట లేదు, హెద్వికా మాట లేదు, ఓల్దా మాట లేదు. వేళకి తిండి పెడుతుంది. నేను తింటుంటే నిలబడి చూస్తుంది. ఎక్కడికీ పోలేదు, నాతోనే ఉంది. నాకు కావలసిందీ అదే. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

ఇంకా వెలుతురు ఉండగానే రాసుకుందామని కిటికీ పక్కకి వచ్చాను. మిలాడా లోపలి గదిలోంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. ఏం కావాలని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. అడుగు చప్పుడు కూడా వినపడలేదు కానీ ఇంకా దగ్గరికి వచ్చింది. తన ఊపిరి నా మెడకి తగులుతోంది.